కిటికీలు మూసిన గది

మొన్న ఇద్దరు పిల్లలు మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ మైనింగ్ ఇంజనీరింగ్ చదివి, ఖనిజాల పరీక్షశాలలో కొత్తగా ఉద్యోగానికి కుదిరినవాళ్లు. అందులో అమ్మాయి మన తెలుగువాళ్లదే, ఈ రంగూన్‌లోనే తామ్వే పేట నుంచి వచ్చింది. తెలుగు బాగానే అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం బర్మీస్‌లో చెబుతుంది. "సయా, ఈ పనిలో ముఖ్యంగా నేర్చుకోవాల్సింది ఏమిటి?" అని అడిగారు. ఇక్కడ గురువునైనా పైఅధికారినైనా సయా అనే పిలుస్తారు. టీ తెప్పించి, యంత్రాల గురించి, జల్లెళ్ల గురించి గంటసేపు వాగి పంపేశాను. వాళ్లు మెట్లు దిగి వెళ్లాక సిగ్గేసింది. చెప్పాల్సిన సంగతి ఒక్కటీ చెప్పలేదు. అది ఎదుటివాళ్ల మొహం చూస్తూ చెప్పగలిగేది కాదు. అందుకే రాస్తున్నాను.

ఆఫీసు కాగితాల్లో నేను ఊ సాన్ లిన్. మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మా వీధివాళ్లకు సన్యాసిరావుని. మా ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి రంగం అని మనవాళ్లు పిలిచే ఈ రంగూన్ రేవులో బస్తాలు మొయ్యడానికి ఓడెక్కి వచ్చాడు. నేను ముప్పై నాలుగేళ్లు ఒక సర్కారు పరీక్షశాలలో రాళ్లు పొడి చేయించాను. దాని పేరు రాయను. ప్రమోషన్లు ఎప్పుడు వచ్చాయో, ఏ ఫైలు ఏ బల్లమీద ఎన్నాళ్లు నిద్రపోయిందో కూడా రాయను. వాటివల్ల మీకు ఒరిగేది ఏమీ లేదు.

పని

దక్షిణాన తనింతారి కొండల్లోంచి మాకు గోనెసంచుల్లో రాళ్లు వచ్చేవి. తెల్లటి పలుగురాయి, దాని మధ్యలో నల్లగా తగరం, టంగ్‌స్టన్ ఖనిజాలు. గనివాళ్లు అడిగేది ఒకే ప్రశ్న. ఇందులో సరుకెంత? ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే రాయిని పగలగొట్టాలి, పొడి కొట్టాలి, జల్లించాలి, కొంత పొడిని ఊగే బల్లమీద నీళ్లతో కడిగి చూడాలి.

ఆ బల్ల లాంటిదాన్ని పందొమ్మిదో శతాబ్దంలో ఆస్ట్రియాలో ఒక గనుల ఇంజనీరు తయారు చేశాడని మాకు కాలేజీలో చెప్పారు. కాస్త వాలుగా ఉన్న బల్లమీద నీరు పారుతుంటుంది. బల్లను పక్కనుంచి అదే పనిగా కుదుపుతుంటారు. బరువైన రేణువులు ఒకవైపుకి, తేలికైనవి ఇంకోవైపుకి చేరతాయి. చేటలో బియ్యం చెరగడం చూసినవాళ్లకు దీన్ని వేరే వివరించనక్కర్లేదు. ఆయన ఇంకా చాలా చేశాడు. ఉప్పునీరు కాచేటప్పుడు పైకి పోయే ఆవిరినే పట్టి నొక్కి, దాని వేడితోనే మళ్లీ ఉప్పునీరు కాచాలని ఒక యంత్రం కట్టాడు. లోపల గార పేరుకుపోయి అది ఆగిపోయింది. మా పాఠంలో దానికి రెండే వాక్యాలు. గెలిచిన బల్లకు మాత్రం మూడు పేజీలు. వయసులో ఉన్నప్పుడు నేనూ ఆ మూడు పేజీలే చదివాను.

ఆయనదే ఒక సూత్రం కూడా ఉంది. రాయిని పొడి చెయ్యడానికి పట్టే శ్రమ, ఆ పొడిలో కొత్తగా ఏర్పడిన ఉపరితలాన్ని బట్టి ఉంటుందని. అంటే పొడి ఎంత మెత్తగా కావాలంటే శ్రమ అంత పెరుగుతుంది. దానిమీద వచ్చిన ప్రశ్నకు నాకు పరీక్షలో పూర్తి మార్కులు వచ్చాయి. ఎవరి శ్రమ అన్నది ప్రశ్నలో లేదు, నేనూ అడగలేదు.

నా మొదటి తప్పు, దానికి నేను చేసిన మందు

మా పైఅధికారి ఊ చిట్ స్వే. గట్టివాడు, నిజాయితీపరుడు, అబద్ధపు అంకె రాస్తే చెయ్యి విరగ్గొట్టేంత కోపిష్టి. ఆయన దగ్గర నేర్చుకున్నదే నా చదువంతా. పోసిన రాయి ఎంతో, చివరకు వచ్చిన పొడి అంతే ఉండాలనేవాడు. తేడా వస్తే ఆ పరీక్ష చెల్లదు.

నా ఉద్యోగం రెండో ఏట ఒక గనికి తప్పు ఫలితం పంపాను. పొడి కొట్టే గదికి నదివైపు రెండు కిటికీలు ఉండేవి. మధ్యాహ్నం గాలికి మెత్తటి పొడి లేచి ఎగిరిపోయేది. మెత్తటి పొడిలోనే సరుకు ఎక్కువ ఉండటంతో లెక్క తక్కువ చూపించింది. గనివాడు వచ్చి గొడవ చేశాడు. ఊ చిట్ స్వే నన్ను అందరి ముందూ నిలబెట్టి కడిగిపారేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడే ఆ రెండు కిటికీలూ మూయించాను. సందుల్లో గుడ్డ కుక్కించాను. యంత్రం నడిచినంతసేపూ ఫ్యాను వెయ్యకూడదని గోడమీద రాయించాను. గోడలమీద పడ్డ పొడిని కుంచెతో ఊడ్చి మళ్లీ సంచిలో వెయ్యాలని కూడా నియమం పెట్టాను. మా లెక్కలు అద్దంలా కుదిరాయి. ఊ చిట్ స్వే నా భుజం తట్టాడు. ఇప్పటికీ ఆ తట్టడం గుర్తొస్తే ఆ భుజం బరువెక్కుతుంది.

అప్పన్న

ఆ గదిలో మొదట ఇద్దరు ముగ్గురు వంతులవారీగా పని చేసేవారు. నా ఉద్యోగం పదో ఏట అప్పన్న వచ్చాక అది పూర్తిగా అతనిదైంది. అప్పన్నది నది ఒడ్డున అహ్లోన్ పేట. మా ఆవిడకు దూరపు తమ్ముడి వరస. అంచేత ఇంట్లో నన్ను బావా అనేవాడు, ఆఫీసులో సయా అనేవాడు. వాళ్ల తాత రేవులో మోత కూలి. నాన్న బియ్యం మిల్లులో పని చేసి, దగ్గి దగ్గి పోయాడు. ఉద్యోగం నేనే వేయించాను. రిజిస్టరులో "ల్యాబ్ అసిస్టెంట్" అని నా చేత్తోనే రాశాను.

ఆ రెండు మాటలు చూసి అతను ఎంత పొంగిపోయాడో చెప్పలేను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు. గదిలోకి వెళ్లేముందు దాన్ని విప్పి మేకుకి తగిలించి, పాత బనీనుతో పని చేసి, సాయంత్రం ఒళ్లు కడుక్కుని మళ్లీ చొక్కా తొడుక్కుని ఇంటికి వెళ్లేవాడు. వాళ్ల పేటలో ఎవరూ అతని ఒంటిమీద ధూళి చూసి ఎరగరు.

"మా అయ్య మిల్లులో తవుడు మింగి సచ్చిపోనాడు బావా. నాను ల్యాబ్‌లో సేత్తన్నాను," అనేవాడు.

పనిమంతుడు. ఒకసారి ఒకాయన మహా గొప్ప రాయి అంటూ సంచి తెచ్చాడు. మా పరీక్షలో తగరం విపరీతంగా కనబడింది. నేను సంబరపడిపోతుంటే అప్పన్న పొడిని వేళ్లమధ్య నలిపి, ముక్కు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఇది రాయి కాదు బావా. ఏలికి మెత్తగా తగుల్తంది. ఎవుడో తగరం కడ్డీ ఆకురాయితో రాకి కలిపీసినాడు," అన్నాడు. కడిగి చూస్తే అంతే. ఆయన సంచి కూడా వదిలేసి పోయాడు. ఆ రోజు అందరం పడీపడీ నవ్వుకున్నాం. ముక్కు దగ్గర పెట్టుకోకు అని మాత్రం మాలో ఎవరికీ తోచలేదు.

వచ్చిన మొదటి ఏడాదే అప్పన్న ఒక మాట అడిగాడు. "మా అయ్య మిల్లులో తవుడు లాగీడానికి రేకు గొట్టం ఉండీది. తరవాత్తరవాత పెట్టినారు. కొసని గుడ్డ సంచి కడతారు, తవుడంతా అందులో పడతాది. మర మీద మనమూ అలాటిది పెట్టుకుంటే ఏటవుద్ది?"

"పొడి గొట్టంలో అంటుకుంటుంది. ఒక గని రాయి ఇంకో గని రాయిలో కలుస్తుంది. ఇది బియ్యం మిల్లు కాదు అప్పన్నా," అన్నాను.

బియ్యం మిల్లు కాదన్న మాట అతనికి తగిలిందని ఇప్పుడు అనుకుంటాను. ఇక ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు.

దగ్గు

అప్పన్న ఆ గదిలో పదేళ్లు గడిపాక దగ్గు మొదలైంది. మెట్లెక్కితే ఆయాసం. అప్పటికి అతని కూతురు పైడికి మూడేళ్లు. ఆస్పత్రిలో ఎక్స్‌రే ఫోటో తీస్తే ఛాతీ నిండా మచ్చలు. ఏం పని చేస్తావని డాక్టరు అడిగితే అప్పన్న నిటారుగా కూర్చుని "ల్యాబ్‌లో అసిస్టెంట్‌ని" అని చెప్పాడు. డాక్టరు క్షయ అని రాశాడు. చేసే పని ఏమిటో ఆఫీసు నుంచి ఉత్తరం ఒకటి తెమ్మన్నాడు.

ఆ ఉత్తరం రాయాల్సింది నేను. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అంతకు ముందు ఏడాదే ఒక శిక్షణ తరగతిలో రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే జబ్బు గురించి ఒక కాగితం పంచారు. మచ్చలు క్షయలాగే కనబడతాయని అందులో ఉంది. నాకు తెలుసు. పూర్తిగా తెలుసు అనను. నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడిగితే తేలిపోయేంత తెలుసు.

ఊ చిట్ స్వే దగ్గరికి వెళ్లాను. ఆయన తలుపు దగ్గరికి వేసి మెల్లగా మాట్లాడాడు. "ధూళి అని రాస్తే పైవాళ్లు గది మూసేస్తారు. వేరే చోట పని వెతుక్కోవడానికి ఆ మనిషికి పౌరసత్వం కాగితాలు కూడా సరిగ్గా లేవు. ఎక్కడికి పోతాడు? క్షయ అయితే మందులున్నాయి, తగ్గుతుంది." ఆయన అన్నదాంట్లో జాలి ఉంది. భయమూ ఉంది. రెండూ కలిసినప్పుడు మనిషి చాలా తెలివిగా మాట్లాడతాడు. నేను ఒప్పుకున్నాను. "ల్యాబ్ అసిస్టెంట్, తేలికపాటి పని" అని రాసి సంతకం చేశాను.

మందులు నెలల తరబడి వేశారు. కఫం పరీక్షలో ఏమీ దొరకలేదు, అయినా వేశారు. కాస్త నెమ్మదించగానే పనికి వచ్చేసేవాడు, మళ్లీ అదే గదికి. రెండోసారి వేశారు. మూడోసారీ వేశారు.

మన పేటల్లో ఆ జబ్బు పేరు వింటే ఏం చేస్తారో మీకు తెలుసు. అప్పన్నను ఎవరూ గెంటెయ్యలేదు. తనే వెళ్లి ముందు వసారాలో మంచం వేసుకున్నాడు. తన కంచం, తన గ్లాసు వేరు పెట్టించుకున్నాడు. మాట్లాడేటప్పుడు నోటికి తువ్వాలు అడ్డం. పైడి "ఎత్తుకో అయ్యా" అని ఏడుస్తుంటే అతని భార్య నారాయణమ్మ ఆ పిల్లను నడుం పట్టుకుని లోపలికి లాక్కుపోయేది. కొన్నాళ్లకు ఆ పిల్ల ఏడవడం మానేసింది. గుమ్మం దాటకూడదని నేర్చుకుంది. గుమ్మం లోపల కూర్చుని బడి పాఠాలు గట్టిగా చదివేది, అతను వసారాలోంచి వినేవాడు. నేను చూడ్డానికి వెళ్లినప్పుడల్లా ఇది కళ్లారా చూశాను. పళ్లు ఇచ్చి, కుశలం అడిగి వచ్చేసేవాణ్ని.

గొట్టం

నాలుగేళ్లకు అప్పన్న సంచి ఎత్తలేక పని మానేశాడు. ఊ చిట్ స్వే కూడా అదే ఏడాది రిటైరయ్యాడు. ఆ గదిలోకి కొత్త మనిషిని పంపడానికి నాకు మనసొప్పలేదు. అహ్లోన్‌లో మూతబడ్డ ఒక మిల్లులోంచి పాత రేకు గొట్టం తెప్పించాను. మర పైన రేకు గూడు, గొట్టం, కొసన నేత లుంగీలతో కుట్టించిన సంచి, దాని వెనక ఫ్యాను. సంచిని ప్రతి రాయికీ మార్చాలి, గొట్టాన్ని దులపాలి, అంతే. కిటికీలు తెరిచాం. లెక్కలు చెడిపోలేదు. రెండు రోజుల పని.

కొత్త పైఅధికారి వచ్చి చూసి మెచ్చుకున్నాడు. ఫోటో తీయించాడు. "మీ ఆలోచనేనా ఊ సాన్ లిన్?" అని అడిగాడు. "అవును సయా" అన్నాను.

యంత్రాలు కనిపెట్టినవాళ్ల గురించి మీరు చాలా చదువుతారు. చదవండి. ఆ ఆస్ట్రియా ఇంజనీరు అంటే నాకు ఇప్పటికీ గౌరవమే. కానీ మీ పరీక్షశాలలో మర దగ్గర నిలబడేవాడు ఏదైనా అడిగితే, అది మీ పాఠంలో లేదని తోసెయ్యకండి. ఒక మధ్యాహ్నం ఖర్చుపెట్టి చేసి చూడండి. నేను ఆ మధ్యాహ్నం ఖర్చుపెట్టడానికి పద్నాలుగేళ్లు తీసుకున్నాను. తీసుకుని, పేరు కూడా నేనే ఉంచుకున్నాను.

డాక్టరమ్మ

నేను రిటైరైన రెండేళ్లకు నారాయణమ్మ మా ఇంటికి వచ్చింది. "నాలుగడుగులేత్తే కూలబడిపోతన్నాడు అన్నియ్యా. మందులేటీ పన్జెయ్యట్నేదు. ఓపాలి నువ్వు తీసుకెల్లి సూపించు," అంది. ఇంకో ఆస్పత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉందని విని తీసుకెళ్లాను.

ఆమె ఉద్యోగం ఏమిటని అడగలేదు. "రోజంతా మీ చేతులు ఏం చేసేవి?" అని అడిగింది. ముప్పై నాలుగేళ్లలో నేను విన్న ప్రశ్నల్లో అంత మంచిది ఇంకోటి లేదు.

అప్పన్న తువ్వాలు అడ్డం పెట్టుకుని "ల్యాబ్‌లో..." అని మొదలుపెట్టాడు. నేను అడ్డుపడ్డాను. పలుగురాయి అని చెప్పాను. పొడి కొట్టడమని, జల్లించడమని చెప్పాను. కిటికీలు మూసి, సందుల్లో గుడ్డ కుక్కి అని చెప్పాను. ఎవరు మూయించారని ఆమె అడగలేదు. నేనే చెప్పాను.

ఆమె పాత ఫోటోలన్నీ వెలుతురుకి పెట్టి ఒక్కొక్కటే చూసింది. "ఇది క్షయ కాదు. ఇదివరకు కూడా క్షయ అయి ఉంటుందని నేననుకోను. ఇది రాతిపొడి. లోపల గట్టిపడిపోయింది. దీన్ని తీసే మందు లేదు," అంది బర్మీస్‌లో. ఫోటోలు తిరిగి ఇస్తూ, "ఇది ఒకరినుంచి ఒకరికి అంటదు," అంది. అప్పన్న చెవులు దగ్గుకి దిమ్మెక్కి ఉన్నాయి. ఆ చివరి మాట అతనికి వినబడలేదు. దాన్ని అతనికి చెప్పాల్సిన పని నామీద పడింది.

టాక్సీలో చెప్పలేకపోయాను. ఇంటికి తీసుకెళ్లి, వసారాలో మంచంమీద కూర్చోబెట్టి, నేను నేలమీద కూర్చున్నాను.

"అప్పన్నా, ఇది అంటుకునే జబ్బు కాదట."

"ఇప్పుడు అంటదా?"

"ఎప్పుడూ అంటేది కాదు. రాతిపొడి అది. మన గదిలోది."

ఎన్నాళ్లు బతుకుతానని అడగలేదు. కిటికీల మాట ఎత్తలేదు. "గుంటకి అప్పుడు మూడేల్లు బావా," అన్నాడు. "ఎత్తుకోమని ఏడిసీది."

నేను తల దించుకున్నాను.

"నీకు ముందే తెలుసునేటి?"

"అనుమానం ఉండేది," అన్నాను. అబద్ధం చెప్పలేదు, నిజం కూడా పూర్తిగా చెప్పలేదు. అతను దాన్ని అలాగే తీసుకున్నాడు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. తిట్టడానికి కావలసిన ఊపిరి కూడా అతని దగ్గర లేదు.

అప్పుడే పైడి బట్టల ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. పందొమ్మిదేళ్ల పిల్ల, బుగ్గలమీద పొద్దున రాసుకున్న థనఖా చెక్క గంధం చెమటకు చారలు కట్టి ఉంది. గుమ్మంలో నిలబడి మా మాటలు విన్న నారాయణమ్మ ఏడుస్తూనే సంగతంతా చెప్పింది. పైడికి ఏం చెయ్యాలో తోచలేదు. మామూలుగా వెళ్లినట్టే లోపలికి వెళ్లిపోయి గుమ్మం అవతల నిలబడింది.

"ఎల్లవే అమ్మా, అయ్య పక్కన కూకో. ఏటీ అవ్వదంట," అంది నారాయణమ్మ.

పైడి వచ్చి మంచం అంచున కూర్చుంది. అప్పన్న కొంచెం వెనక్కి జరిగాడు. ఆమె దగ్గరికి జరిగింది. అతను ఇంకొంచెం జరిగాడు. వీపు గోడకి తగిలి ఇక జరగడానికి చోటు లేకపోయాక కళ్లు మూసుకుని నిశ్చలంగా ఉండిపోయాడు. ఆమె అతని చేతిని తీసి తన ఒళ్లో పెట్టుకుంది. అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఇటు తిరుగు అయ్యా. అంటదు కదా," అంది పైడి.

"తెలుసమ్మా," అన్నాడు గోడవైపే చూస్తూ.

ఆ తర్వాత అప్పన్న అయిదు నెలలు బతికాడు. పైడి రోజూ ఫ్యాక్టరీ నుంచి రాగానే అతని పక్కనే కూర్చునేదట, అన్నం కూడా అక్కడే తినేదట. ఆ అయిదు నెలల్లో ఒక్కసారి కూడా అతను ఆమెవైపు తిరిగి ఊపిరి వదల్లేదని నారాయణమ్మ చెప్పింది.